కార్డులో చదువుకున్న సదాయో

ఈ ఏడు జనవరి ఒకటో తారీఖున నాకు పదకొండు కార్డులు వచ్చాయి. పనిచేసే రోజుల్లో తొంభై దాకా వచ్చేవి. ఆ పదకొండింటిలో నాలుగు కార్డుల మీద దాదాపు ఒకే మాట ఉంది. "వయసు పైబడింది. వచ్చే ఏటి నుంచి కొత్త సంవత్సరం కార్డులు రాయడం మానుకుంటున్నాను. ఇన్నేళ్ళ ఆదరణకి నమస్కారాలు." మా ఈడువాళ్ళలో ఇప్పుడు ఇదొక మర్యాద అయింది. చచ్చిపోయి చెప్పాపెట్టకుండా మానేసే కంటే, బతికుండగానే సెలవు తీసుకోవడం మేలని. మర్యాదే, కాదనను. కానీ అలాంటి కార్డు చేతికొచ్చినప్పుడల్లా నాకు మాత్రం ఎవరో రైలెక్కి, నా మొహం మీదే కిటికీ దించేసుకున్నట్టుంటుంది.

మూడింటికి తట్టుకున్నాను. నాలుగోది నారితా మాస్టారిది.

ఎనభై ఎనిమిదేళ్ళ చెయ్యి రాసిన అక్షరాలవి. ఒక్కొక్క గీతా మంచులో నడుస్తున్నట్టు ఆగి ఆగి పడింది. "సదాయోకి. చెయ్యి వణుకుతోంది. ఇదే చివరి కార్డు. నువ్వు రాత్రి బడిలో చదివి, లైబ్రరీలో పనిచేసి గౌరవంగా రిటైరయ్యావు. అది తలుచుకున్నప్పుడల్లా నా పంతులు ఉద్యోగం వృథా పోలేదనిపిస్తుంది."

నేను రాత్రి బడిలో ఒక్క పూట కూడా కూర్చోలేదు. లైబ్రరీలో ఒక్క రోజు కూడా ఉద్యోగం చెయ్యలేదు. యాభై రెండేళ్ళు టోక్యోలో ఇతరుల చొక్కాలు ఇస్త్రీ చేసినదాన్ని.

అది ఎలా మొదలైందో చెప్తాను.

మాది ఉత్తరాన అకితా కొండల్లో ఒక పల్లె. నాకు పదిహేనేళ్ళప్పుడు, పందొమ్మిది వందల అరవైలో, మాధ్యమిక పాఠశాల అయిపోయింది. ఆ రోజుల్లో మార్చి నెలాఖరుకి ఉత్తరాది పల్లెల నుంచి మా వయసు పిల్లల్ని రైళ్ళకి రైళ్ళు నింపి టోక్యో పనుల్లోకి పంపేవాళ్ళు. మమ్మల్ని బంగారు గుడ్లు అనేవారు. పత్రికలు కూడా అలాగే రాసేవి. గుడ్డుని బంగారం అన్నారే కానీ పొదిగే మాట ఎవరూ ఎత్తలేదు.

మాస్టారికి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నన్ను పై చదువుకి పంపమని నడుములోతు మంచులో మా ఇంటికి మూడుసార్లు వచ్చారు. మా నాన్న మూడుసార్లూ ఆయనకి టీ ఇచ్చి, మూడుసార్లూ కాదన్నాడు. నా తర్వాత నలుగురు పిల్లలు, ఉన్నది చారెడు పొలం. నాన్నని తప్పు పట్టలేను. చివరికి మాస్టారు ఒక దారి కనిపెట్టారు. నన్ను పనిలో పెట్టుకుంటున్న లాండ్రీ యజమానికి ఉత్తరం రాసి, పగలు పని, సాయంత్రం రాత్రి బడి అని ఒప్పించారు. స్టేషన్లో పది పోస్టు కార్డులు నా చేతిలో పెట్టారు. అన్నిటి మీదా తన చిరునామా ముందే రాసి ఉంచారు. అందరం రైలెక్కేశాక కూడా ప్లాట్‌ఫారం మీద నిలబడి కిటికీల్లోంచి మా తలలు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంటూనే ఉన్నారు. రైలు కదిలాక కూడా ఆయన వేలు ఆడుతూనే ఉంది. అది నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

యజమాని చెడ్డవాడేం కాదు. కాకపోతే ఆఫీసుల వాళ్ళు చొక్కాల కోసం వచ్చేది సాయంత్రం ఆరింటికి, బడి మొదలయ్యేదీ ఆరింటికే. "వచ్చే ఏప్రిల్లో చూద్దాంలే, సదాయో" అన్నాడు. డిసెంబరు వచ్చింది. మాస్టారికి మొదటి కార్డు రాయడానికి కూర్చున్నాను. బాగున్నానని రాశాను, పని నేర్చుకుంటున్నానని రాశాను. కింద రెండు వేళ్ళ జాగా మిగిలింది. బడికి ఎందుకు వెళ్ళట్లేదో చెప్పాలంటే ఉత్తరం రాయాలి. నిజానికి చోటు ఎక్కువ కావాలి. అబద్ధం రెండు వేళ్ళ జాగాలో పట్టేసింది. "రాత్రి బడికి వెళ్తున్నాను."

ఆయన నుంచి జవాబొచ్చింది. "నీ కార్డు నిలబడి చదివాను. లెక్కల్లో ఏ పాఠం దాకా వచ్చారు?"

అక్కడ ఇరుక్కుపోయాను. నాతోపాటు అదే రైల్లో వచ్చిన కిసా అప్పటికి పెన్సిళ్ళ కార్ఖానాలో ఉండేది. మా బడిలో జిల్లా పరుగు పందెంలో ఫస్టొచ్చిన పిల్ల. దాని హాస్టల్లో నిజంగా రాత్రి బడికి వెళ్ళే అమ్మాయి ఒకతె ఉండేది. ఆమె లెక్కల పుస్తకాన్ని కిసా మూడు రోజులకి అడిగి తెచ్చిపెట్టింది. అందులో ఒక పాఠం పేరు చూసి మాస్టారికి రాసి ఊరుకుందామనుకున్నాను. కానీ కష్టంగా ఉందా అని ఎదురు అడిగితే? పాఠం చదివాను. అది అర్థం కావాలంటే దాని ముందు పాఠం చదవాలి. అలా వెనక్కి వెనక్కి వెళ్ళి, మొదటి పేజీ దగ్గర తేలాను.

మరుసటి ఏడు నా అబద్ధం రాత్రి బడి రెండో ఏటికి వెళ్ళింది. ఆ పై ఏడు మూడుకి. రైలు వంతెన కింద పాత పుస్తకాలమ్మే బడ్డీ ఒకటి ఉండేది, అక్కడ ఏటా పై తరగతి పుస్తకాలు కొనేదాన్ని. నాలుగో ఏడాది అబద్ధం మంచి మార్కులతో బయటపడింది. నేనైతే త్రికోణమితి దగ్గరే ఆగిపోయాను. అబద్ధం నాకంటే చురుకైంది.

చదువైపోయింది కదా, ఇంక ఉద్యోగం చూడాలి దానికి. మా వార్డు లైబ్రరీలో అని రాశాను. లైబ్రరీలో ఏం పని చేస్తారో తెలియకుండా మళ్ళీ ఇరుక్కోకూడదని ఒక సెలవు రోజు వెళ్ళి చూసొచ్చాను. ఊరికే నిలబడితే అనుమానిస్తారని సభ్యత్వం తీసుకున్నాను. ఆ తర్వాత నలభై ఏళ్ళు వెళ్తూనే ఉన్నాను. కిటికీ పక్క వరస నుంచి మొదలుపెట్టి చదువుకుంటూ పోయాను. ఏది ముందు చదవాలో చెప్పేవాళ్ళు లేరు కాబట్టి, పురుగుల మీద పుస్తకాల తర్వాత పాత రాజవంశాల కథలూ, వాటి తర్వాత అగ్నిపర్వతాలూ చదివాను. అబద్ధాన్ని పోషించడానికి మొదలుపెట్టిన చదువు నన్నే పోషించింది. ఆ మాట కృతజ్ఞతతోనే అంటున్నాను.

మా ఆయన షోజో అదే లాండ్రీలో ఆవిరి యంత్రం దగ్గర పనిచేసేవాడు. పెళ్ళైన మొదటి డిసెంబరులోనే నా గుట్టు తెలిసిపోయింది. కోప్పడలేదు. ఏటా కార్డుల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టి, "ఈ ఏడు ఆవిడ ఏం చేసిందోయ్?" అని అడిగేవాడు. ఆవిడ అంటే కార్డులో సదాయో. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు లేవు. ఆవిరికి చేతులు పొక్కలేదు. మా ఇద్దరికీ మొగుడు మాత్రం ఒక్కడే, కార్డులో ఉన్న నిజం అదొక్కటే. నాకు అరవై నిండిన డిసెంబరులో షోజో అన్నాడు: "ఇంక ఆవిడకి రిటైర్మెంటు ఇచ్చెయ్, పాపం. అలిసిపోయుంటుంది." సరేనని రిటైర్ చేశాను. నేను మాత్రం ఇంకో ఏడేళ్ళు ఇస్త్రీ చేశాను.

షోజో పోయి తొమ్మిదేళ్ళయింది. ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆయనకి ఒక మాట చెప్పాలనుకున్నాను. ఉతికిన బట్టలు తెస్తానని ఇంటికెళ్ళి, గంటలో తిరిగొచ్చేసరికి మంచం మీద దుప్పటి మార్చేస్తున్నారు. ఆ ఏడు మైల కాబట్టి ఎవరికీ కార్డులు రాయకూడదు. అబద్ధానికి కూడా ఒక ఏడాది విశ్రాంతి దొరికింది.

అందుకే మాస్టారి చివరి కార్డు పట్టుకుని అంతసేపు అలా కూర్చుండిపోయాను. మళ్ళీ ఒకరు, నేను చెప్పాల్సింది చెప్పకముందే వెళ్ళిపోతున్నారు. కిసాకి ఫోన్ చేశాను.

"చచ్చాక చెప్తావా, ముందే చెప్తావా? అది తేల్చుకో" అంది కిసా.

"ఆయన కష్టపెట్టుకుంటే?"

"ఎనభై ఎనిమిదేళ్ళ మనిషికి కష్టం కొత్తేంటే?"

"పెద్దాయన. గుండె ఆగిపోతే?"

"ఆగితే ఆగుతుంది, అప్పుడు చెప్పక్కర్లేదు. సదాయో, అరవై నాలుగేళ్ళ నుంచీ ఇదే పాట పాడుతున్నావ్. మీ అమ్మ పోయినప్పుడు ఆయన అగరుబత్తి వెలిగించడానికి వస్తే, నువ్వు వంటింటి పక్క మిసో జాడీల గదిలోకెళ్ళి కూర్చున్నావ్. నేనేమో 'లైబ్రరీ నుంచి ఫోనొచ్చింది మాస్టారూ' అని చెప్పాను. మీ అమ్మ శవం ముందు నాచేత అబద్ధం ఆడించావ్. గుర్తుందా?"

"నువ్వు తోడొస్తావా?"

"వస్తా. కానీ స్టేషన్లో మెట్లెక్కించకు. జిల్లా ఫస్టొచ్చిన కాళ్ళు ఇవి. ఇప్పుడు బాత్రూంకెళ్ళి వచ్చేసరికి టీవీలో వార్తలు అయిపోతున్నాయి."

జనవరిలో మంచని, మార్చిలో జలుబని వంకలు చెప్పి, చివరికి మే నెలలో బయల్దేరాం. గ్యాసు కట్టేశానో లేదో చూడ్డానికి మూడుసార్లు వెనక్కెళ్ళాను. బుల్లెట్ రైల్లో కిసా కిటికీ పక్కన కూర్చుని అన్నం డబ్బా విప్పింది. నేను నోట్లో నోట్లో సాధన చేస్తున్నాను.

"ఏం గొణుగుతున్నావే?"

"ఎలా మొదలుపెట్టాలా అని. ముందు ఆరోగ్యం అడిగి, తర్వాత పాత రోజుల గురించి ఎత్తి, మెల్లిగా…"

"మెల్లిగా అంటే అరవై నాలుగేళ్ళయింది. ఇంకెంత మెల్లిగా? 'మాస్టారూ, నేను చదవలేదు.' మూడే మాటలు. ఆ గుడ్డు తింటావా, నేను తినెయ్యనా?"

తినెయ్యమన్నాను. సొరంగాలు దాటుతున్న కొద్దీ కొండలు దగ్గరయ్యాయి. ఆ రోజుల్లో ఇదే దారి పన్నెండు గంటలు పట్టింది. ఏడవడానికి, ఏడిచి ఊరుకోవడానికి, మళ్ళీ ఏడవడానికి తీరిక ఉండేది. ఇప్పుడు నాలుగు గంటల్లో దింపేశారు, మనసు ఇంకా సగం దారిలోనే ఉంది.

మాస్టారి ఇల్లు ఊరి చివర. కోడలు తలుపు తీసింది. ఆవిడకీ అరవై పైనే ఉంటాయి. మాస్టారు వరండా వైపు కుర్చీలో, ఒళ్ళో దుప్పటి కప్పుకుని ఉన్నారు. చెవికి మిషను. ఎదురుగా మడిలో నీళ్ళు, అప్పుడే నాటిన నారు. నా గుర్తులో ఆయన పొడుగ్గా ఉండేవారు. ఇప్పుడు కుర్చీయే పొడుగ్గా కనిపించింది.

"పరుగుల కిసా!" అన్నారు ముందు.

"ఆ పేరు మర్చిపోండి మాస్టారూ. కర్ర పట్టుకునొచ్చాను."

తర్వాత నా వైపు తిరిగారు. చాలాసేపు చూశారు. కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయారు. నేను వద్దు వద్దంటున్నా ఆగలేదు. కోడలు పరిగెత్తుకొచ్చి రెక్క పట్టుకుంది. లేచి నిలబడి, లైబ్రరీ ఉద్యోగినికి చేసినట్టు, నాకు తలవంచి నమస్కారం చేశారు.

ఆరోగ్యం అడగాలన్న సంగతి ఎటో పోయింది. నేలమీద మోకరిల్లి, తల చాపకి ఆనించి చెప్పేశాను.

"మాస్టారూ, నేను చదవలేదు."

"ఆఁ?"

"నేను చదవలేదు!"

"ఏం చదవలేదు? ఏ పుస్తకం?"

"పుస్తకం కాదు మాస్టారూ! రాత్రి బడి! నేను అసలు బడికే వెళ్ళలేదు! కార్డుల్లో రాసిందంతా అబద్ధం!"

వంటింట్లో ముల్లంగి తరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. నా అరుపుకి పక్క పొలంలో ఎవరో తలెత్తి చూశారు. అరవై నాలుగేళ్ళు మొగుడికి, కిసాకి తప్ప ఎవరికీ తెలియని రహస్యం ఒక్క నిమిషంలో ఊరంతా విన్నట్టయింది.

మాస్టారు మెల్లిగా కూర్చున్నారు.

"రెండో ఏడు లెక్కల గురించి రాశావు."

"పుస్తకం కొనుక్కుని చదివాను."

"త్రికోణమితి అర్థం కావట్లేదని రాశావు."

"అది నిజం."

"లైబ్రరీ?"

"చదువుకోవడానికి వెళ్ళేదాన్ని. పని లాండ్రీలోనే. మొదటి నుంచి చివరి దాకా."

ఆయన దుప్పటి అంచు పట్టుకుని నలుపుతూ కూర్చున్నారు. నాకు ఆ చేతులే కనిపిస్తున్నాయి. తిట్టినా బాగుండుననిపించింది. కాసేపటికి తిట్టారు కూడా.

"పదకొండు ఇళ్ళకి వెళ్ళాను" అన్నారు.

"ఏ ఇళ్ళకి మాస్టారూ?"

"నీ తర్వాత బడి అయిపోయిన పిల్లల ఇళ్ళకి. వాళ్ళ నాన్నల దగ్గరికి. ఈ కొండకింద పట్నంలో కూడా రాత్రి బడి పెట్టారు అప్పట్లో. పంపమంటే ఎవడూ ఒప్పుకోడు. నీ కార్డు జేబులో పెట్టుకెళ్ళి చదివి వినిపించేవాణ్ణి. 'టోక్యోలో పగలంతా బట్టలుతికి రాత్రి చదువుతోందయ్యా ఆ పిల్ల. మీ పిల్ల కొండ దిగి నడవలేదా?' అనేవాణ్ణి. మీ నాన్నతో మూడుసార్లు ఓడిపోయాను కదా. నీ కార్డు చేతికొచ్చాక పదకొండు మంది దగ్గర గెలిచాను." ఆయన గొంతు పెరిగింది. "ఇప్పుడేమంటావ్? పదకొండు మంది తండ్రులకి నేను అబద్ధం చెప్పానా?"

"వాళ్ళంతా పోయారు లెండి మాస్టారూ" అంది కిసా, ఊరడిస్తున్నట్టుగా.

"నేను పోలేదుగా ఇంకా!"

కిసా నోరు మూసుకుంది. అది చాలా అరుదు.

"ఎందుకు చెప్పలేదు?" అని నన్ను అడిగారు. ఈసారి గొంతు తగ్గింది.

"మీరు మా ఇంటికి మంచులో మూడుసార్లు వచ్చారు. బడికి వెళ్ళట్లేదని రాస్తే, ఆ మూడుసార్లూ వృథా పోయినట్టే అనుకున్నాను."

"పోతే పోయేవి. నాలుగోసారి టోక్యోకి వచ్చేవాణ్ణి. మీ యజమాని ఎదురుగా కూర్చుని, రాసిన మాట ఏమైందని అడిగేవాణ్ణి."

ఆ మాట నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఎన్నో ఊహించుకున్నాను. నాన్న ఒప్పుకుంటే ఎలా ఉండేది, నాకు తమ్ముళ్ళు లేకపోతే ఎలా ఉండేది, అవన్నీ ఊహించుకున్నాను. మాస్టారు వచ్చి ఉండేవారని మాత్రం ఊహించలేదు. నా చదువుకి అడ్డం పడింది నాన్నా కాదు, యజమానీ కాదు. మొదటి కార్డులో కింద మిగిలిన రెండు వేళ్ళ జాగా. ఏడుపు రావాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను.

"ఏంటే?" అంది కిసా భయపడి.

"నన్ను నేనే ఫెయిల్ చేసుకున్నానే" అన్నాను.

ఆ సమయానికి వీధి గుమ్మం తలుపు జరిగింది. "ఉన్నారా మాస్టారూ?" అంటూ ఒకావిడ పిలవకుండానే లోపలికొచ్చింది. డెబ్బై దాటిన మనిషి, పొట్టిగా గట్టిగా ఉంది. ఒక చేతిలో రక్తపోటు చూసే మిషను, ఇంకో చేతిలో పొగబెట్టిన ముల్లంగి పచ్చడి పొట్లం.

"నోబుకో" అన్నారు మాస్టారు. "ఆ పదకొండు మందిలో ఒకతె, మా ఊరి నర్సు. ఉద్యోగం మానేసి పదేళ్ళయినా ప్రతి మంగళవారం వచ్చి నా చెయ్యి పిసికిపోతుంది. నోబుకో, ఈవిడ సదాయో."

ఆవిడ చేతిలో వస్తువులు కింద పెట్టేసింది. "కార్డు సదాయో అక్కయ్యా?" అంటూ నా ఎదురుగా మోకాళ్ళ మీద కూలబడి చాపకి తల ఆనించింది. నేనూ ఆనించాను. ఒకరి తల ఒకరికి కొట్టుకున్నంత పనయింది.

"ఆగు నోబుకో" అన్నారు మాస్టారు. "ముందు ఆవిడ ఒక మాట చెప్తుంది, విను. తర్వాత దణ్ణం పెట్టాలో వద్దో చూసుకో. సదాయో, చెప్పు. అరవక్కర్లేదు, దానికి చెవులు బానే ఉన్నాయి."

రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టం. మొదటిసారి చెప్పింది నా మాస్టారికి. ఈసారి చెప్పాల్సింది నా వల్ల చలిలో నడిచిన మనిషికి. తల ఎత్తకుండా చెప్పాను. చివరి మాట దాకా వింది.

"అంటే" అంది నోబుకో, "మీరు ఒక్క రోజు కూడా వెళ్ళలేదా?"

"వెళ్ళలేదు."

"ఒక్క రోజు కూడా?"

"బడి గేటు చూశాను. బస్సులోంచి."

"మరి నేను నాలుగేళ్ళు తిట్టుకున్నది ఎవర్ని?" అంది. "మాస్టారు మీ కార్డులో మాటలు పెద్ద కాయితం మీద రాసిచ్చి, గోడకి అంటించుకోమన్నారు. బడి వదిలాక జనవరి మంచులో కొండెక్కి ఇంటికి రావాలి. కనుబొమలు గడ్డకట్టుకుపోయేవి. దారి పొడుగునా మిమ్మల్ని తిట్టుకుంటూ వచ్చేదాన్ని. 'ఆ టోక్యో సదాయో ఒక్కతె చదవకుండా ఉండుంటే, నేను ఈ పాటికి హాయిగా పొయ్యి పక్కన పడుకునేదాన్ని కదా' అని."

"చదవలేదు కదే! అదే చెప్తోంది!" అంది కిసా. "అనవసరంగా నడిచావ్!"

ముందు నవ్వింది వంటింట్లో కోడలు. తర్వాత నోబుకో. ఆవిడ నవ్వుతూ నా భుజం మీద కొట్టింది, గట్టిగానే కొట్టింది, అందులో కొంచెం నిజం ఉంది. మాస్టారు నవ్వకూడదని చాలాసేపు బిగబట్టి కూర్చున్నారు. చివరికి పళ్ళసెట్టు జారబోతే నోరు మూసుకుని, కళ్ళతో నవ్వారు.

నవ్వు ఆగాక నేను అడిగాను. "కోపం లేదా నోబుకో?"

"ఎందుకు అక్కయ్యా కోపం? నలభై ఏళ్ళు ఈ కొండల్లో తిరిగాను. పురుళ్ళు చూశాను, ముసలాళ్ళ కళ్ళు మూశాను. ఆ రోజు మా నాన్న పంపకపోతే ఏముందిక్కడ, ఇంకో పొలం, ఇంకో పిల్లల మంద." ఆలోచించి మళ్ళీ అంది. "కోపం ఉందేమో. మంగళవారం మంగళవారం వచ్చి కొంచెం కొంచెం కోప్పడతాలెండి. మీరు మళ్ళీ వస్తే."

కోడలు ముల్లంగి పచ్చడీ, అడవి ఆకు వేపుడూ, టీ తెచ్చి పెట్టింది. పచ్చడి కరకరలాడింది. పొగ వాసన అంతా మా అమ్మ వంటిల్లే. కిసా నా ముక్క కూడా తినేసింది. నాకు ఆకలిగా ఉందని అప్పుడు తెలిసింది. పొద్దున్నించీ ఏమీ తినలేదు.

"సదాయో" అన్నారు మాస్టారు. "నీకు మార్కులు వెయ్యలేను. ఏ పరీక్ష రాశావో నాకు తెలీట్లేదు."

"అక్కర్లేదు మాస్టారూ."

"కానీ ఒకటి ఆలోచిస్తున్నాను. అరవై ఒక్క కార్డులు రాశావు నాకు. ఎవరో లైబ్రరీ ఆవిడ గురించి అన్నీ చెప్పావు. ఆవిడ గురించి నాకు తెలియంది లేదు. నా స్టూడెంటు గురించి ఏమీ తెలీదు. ఇస్త్రీ బాగా చేసేదానివా?"

ఆ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు. అంత తెలివైన పిల్ల ఇలా అయిపోయిందే అని నన్ను చూసి నేనే జాలిపడేదాన్ని కానీ, ఆ అయిపోయింది ఎలాంటి మనిషో చూసుకోలేదు.

"బాగా చేసేదాన్ని" అన్నాను. "మా వార్డులో నాలా చేసేవాళ్ళు లేరు. పక్క వార్డు నుంచి కూడా తెచ్చి ఇచ్చేవాళ్ళు."

"అయితే చెప్పు. మొదటి రోజు నుంచి చెప్పు. నీ మొగుడి గురించి కూడా. తొందరేముంది, సాయంత్రం బండికి కదా మీరు."

"మర్నాటికి మార్చుకుంటాం లెండి" అంది కిసా, నన్ను అడక్కుండానే. "మీ కోడలు పచ్చడి బాగా పెట్టింది."

"అది నేను పెట్టింది" అంది నోబుకో.

నేను మొదలుపెట్టబోయాను. కానీ నోబుకో అప్పటికే మాస్టారి చెయ్యి చూడ్డం అయిపోయి, రక్తపోటు పట్టీ పట్టుకుని నా పక్కన కూర్చుంది. "ముందు మీ చెయ్యి ఇటివ్వండి అక్కయ్యా. మీ మొహం చూస్తే నాకు భయంగా ఉంది. కొలుస్తున్నంతసేపూ మాట్లాడకూడదు."

చెయ్యి ఇచ్చాను. పాత మచ్చలు చూసింది. పట్టీ చుట్టింది. అది గాలి పీల్చుకుని మెల్లిగా నా చేతిని గట్టిగా పట్టుకుంది. మాస్టారు చెవి మిషను సరిచేసుకుని నా వైపు వంగి ఎదురు చూస్తున్నారు. కిసా టీ ఊదుకుంటోంది. నేను నోరు మూసుకుని, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను. కాలర్ నుంచే చెప్దామనుకున్నాను. ఏ చొక్కాకైనా ముందు ఇస్త్రీ చెయ్యాల్సింది కాలరే. అది నేర్పడానికి యజమాని భార్యకి మూడు నెలలు పట్టింది, ఎందుకంటే నేను మొదటి రోజునే రెండు కాలర్లు మాడ్చేశాను.